ట్రే సంగతి తర్వాత, ముందు మనిషిలా జవాబివ్వండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: గ్రూప్ 27 అని చెప్పి అమ్మిన బ్యాటరీ ట్రే, దాని చుట్టూ మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడు

నమస్కారం. అమెరికాలోని మిన్నెసోటా నుంచి రాస్తున్నాను. కారు వెనక తగిలించి లాగే నా క్యాంపింగ్ ట్రెయిలర్‌కి బ్యాటరీ పెట్టే ట్రే మీ దగ్గర కొన్నాను, అది మీరు చెప్పిన సైజు కాదు. ఇదే సంగతి ఇంగ్లీషులో మీకు చాలాసార్లు రాశాను. ప్రతిసారీ "మీ సహనానికి ధన్యవాదాలు" అని ఒకే జవాబు, అదీ అర్ధరాత్రి పంపినా సెకన్లలో. రాసింది మనిషి కాదని తెలుస్తూనే ఉంది. మీ కాల్ సెంటరు గచ్చిబౌలిలో ఉందని మీ ఏజెంటే చెప్పారు కాబట్టి ఈసారి తెలుగులో రాస్తున్నా. భాష అర్థం కాలేదనే సాకు కూడా ఇక లేదు మీకు.

ట్రే గురించి చెప్పాల్సింది నాలుగు ముక్కలే. గ్రూప్ 27 అనేది ఒక బ్యాటరీ సైజు పేరు, దాని పొడవు దాదాపు 12 అంగుళాలు. మీ ట్రే బయటి కొలత 12 అంగుళాలు. లోపల టేపు పెట్టి చూస్తే 11 కూడా లేదు. మీ వెబ్‌సైటులో వివరాలు ఎక్కించినవాళ్లు ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి, 27 అని పెట్టేశారు. అది పదింపావు అంగుళాల గ్రూప్ 24 బ్యాటరీకి పనికొచ్చే ట్రే. పైగా అడుగున నీళ్లు పోవడానికి రంధ్రం ఒక్కటీ లేదు. తప్పు సరుకు వచ్చింది, మార్చి పంపిస్తే అయిపోయేది. ఇంత ఉత్తరం నేను రాసేవాణ్ణీ కాదు, మీరు చదవాల్సిన అవసరమూ ఉండేది కాదు.

మార్చాలంటే ఫారం నింపమన్నారు. ఆ ఫారంలో ట్రెయిలర్ విన్ నంబరు, అంటే బండి గుర్తింపు సంఖ్య, అడుగుతుంది, 17 అక్షరాలు లేనిదే ముందుకు కదలదు. నాది 1970ల నాటి 13 అడుగుల ఫైబర్‌గ్లాస్ ట్రెయిలర్. 17 అక్షరాల పద్ధతి అమెరికాలో 1981 మోడళ్ల నుంచే వచ్చింది. అంతకుముందు ఎవరి నంబరు వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది. మీకు ఇది తెలియకపోవడం వింతే, ఎందుకంటే మీ కేటలాగులో సగం సామాను ఆ పాత బళ్లదే. ఈ రకం బళ్లకి ఆద్యం అనదగ్గ బోలర్ కెనడాలోని విన్నిపెగ్‌లో 1968లో మొదలైంది. దానికి సరిపోయే కిటికీ రబ్బరు మీ దగ్గర దొరుకుతుంది, దాని నంబరు మాత్రం మీ ఫారంలో పట్టదు!

మొదటి ఏజెంటు "మిగతా గళ్లలో సున్నాలు కొట్టేయండి సార్" అన్నాడు. కొట్టాను. రెండో ఏజెంటు "ఇది చెల్లని విన్, వారంటీ వర్తించదు" అంటూ టికెట్టు మూసేశాడు. సున్నాలు కొట్టమన్నది మీవాళ్లేనంటే, అలా చెప్పినట్టు తమ రికార్డులో లేదన్నాడు. ఒక్కటి అడుగుతాను. నాలుగు ఇనప యాంగ్లర్లు అతికించిన ట్రేకి బండి పుట్టుపూర్వోత్తరాలు దేనికి? తప్పు కొలత మీ పేజీలో ఉంది, నా బండిలో లేదు.

ఇక ఫోన్లు. మీవాళ్ల ముందు ఏదో పట్టిక ఉంటుందనుకుంటా, అందులోది అడిగేదాకా ట్రే మాట ఎత్తనివ్వరు. "స్లైడవుట్ లోపలికి ఉందా సార్? బయటికి ఉందా?" స్లైడవుట్ అంటే గోడతో సహా బయటికి జరిపే గది, నా బండికి అది లేదమ్మా. "రూఫు రబ్బరు ఎన్నేళ్లది సార్?" రబ్బరు రూఫూ లేదు. ఈ బళ్లకి పై సగం ఒక చిప్ప, కింద సగం ఒక చిప్ప, నడుమ ఫైబర్‌గ్లాస్ అతుకు. కారితే కిటికీల దగ్గరో, పైన గాలి వెంటు దగ్గరో, రివెట్ల దగ్గరో కారాలి. ఇదంతా ఓపిగ్గా చెప్పాక, "సరే సార్, రూఫు రబ్బరు ఎన్నేళ్లదని రాసుకోను?" అని మళ్లీ మొదటికొచ్చింది. పదేళ్లని రాసుకో తల్లీ అన్నాను.

ఒకమ్మాయి నా యాస పట్టేసింది. "సార్ మీరు తెలుగువాళ్లా? ఏ ఊరు సార్?" ఖమ్మం అన్నాను. "అయ్యో, మాది మధిర సార్, మీ పక్కనే!" అంటూ అక్కడి ఎండల గురించి, ఇక్కడి చలి గురించి ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది. "మీ పని నేను దగ్గరుండి చూసుకుంటా, మీరు టెన్షన్ పడకండి" అంది. ఫోను పెట్టేలోపే మెయిలు వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. మాకు 5 స్టార్లు ఇవ్వండి." ఆ పిల్లని ఏమీ అనకండి. కాల్ ఇన్ని నిమిషాల్లో ముగించాలని మీరు పెట్టిన లెక్కే టికెట్టు మూయించిందని నాకు తెలుసు. నా కోపం ఆ లెక్క పెట్టినవాళ్ల మీద.

మీ టెక్నికల్ టీం దగ్గరికి వెళ్లడానికి ఎంతసేపు హోల్డులో ఉన్నానో చెప్పను, ఆ పాట మాత్రం ఇప్పుడు నిద్రలోనూ వినిపిస్తోంది. వాళ్లు ఇచ్చిన సలహాలు మాత్రం మీరు తప్పక చదవాలి. రేపు ఎవరైనా వాటిని పాటిస్తే బాధ్యత మీ మీదికే వస్తుంది.

మొదటి సలహా: ట్రేని ఫ్రేముకి కాకుండా బండి ముందు గోడకే బోల్టులు వేసి, సిలికాన్ పూసేయమన్నారు. ఆ గోడ మందం కొద్ది మిల్లీమీటర్లే. నీళ్ల బ్యాటరీ ఒక్కటే పాతిక కిలోలు. గుంతల్లో ఎగిరెగిరి పడే బరువుకి బోల్టు రంధ్రాలు సాగిపోతాయి, చుట్టూ జెల్‌కోటు, అంటే ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పూత, నక్షత్రంలా బీటలేస్తుంది. అందులోంచి దిగిన నీళ్లు నేల ప్లైవుడ్‌ని కుళ్లబెడతాయి. పైన ఫైబర్ పొర ఉంటుంది కాబట్టి కాలు దిగబడేదాకా కుళ్లు కనబడదు. సిలికాన్ పూసిన చోట తర్వాత పెయింటూ పట్టదు, జెల్‌కోటూ పట్టదు, ఇంకో సీలెంటూ పట్టదు. ఇలాంటి చోట వాడాల్సింది బ్యూటైల్ టేపు, అంటే గట్టిపడకుండా జిగటగా ఉండే సీలు పట్టీ. అది అమ్మేదీ మీరే, మీ టెక్నికల్ టీంకే తెలియదు! ట్రే ఉండాల్సింది ముందు కారుకి తగిలించే ఏ-ఫ్రేము, అంటే A ఆకారపు ఇనప చట్రం మీద. అడ్డంగా రెండు యాంగ్లర్లు వేసి, ఫ్రేము పైఅంచుకి రంధ్రాలు కొట్టకుండా, యు-బోల్టులతో, లోపల నైలాన్ వలయం ఉన్న లాక్ నట్లు బిగించి పట్టించాలి. పైఅంచుకి రంధ్రం పడితే బరువు లాగే ఫ్రేము అక్కడే బలహీనమవుతుంది.

రెండో సలహా: ముందు పట్టకపోతే వెనక బంపరు మీద పెట్టుకోమన్నారు. వింటుంటే నోట మాట రాలేదు. సామానుతో కలిపి 700 కిలోలుండే చిన్న బండికి, కారు కొక్కెం మీద పడే బరువు కనీసం 10 శాతం, అంటే 70 కిలోలు ఉండాలి. పాతిక కిలోల బ్యాటరీని ముందు నుంచి తీసి బంపరు మీద పెడితే, ముందు పోయింది ఒకటి, వెనక నుంచి పైకి లేపేది ఒకటి, కలిపి కొక్కెం మీది బరువు 30 కిలోలకు పైనే తగ్గిపోతుంది. హైవే మీద పెద్ద ట్రక్కు పక్కనుంచి దాటగానే బండి తోకాడించడం మొదలెడుతుంది. బంపరు సలహా ఇచ్చినాయన ఎప్పుడైనా ట్రెయిలర్ లాగాడా అని అడిగితే "అది మా పాలసీ పరిధిలోకి రాదు సార్" అన్నాడు.

మూడోది: పరిశీలన అయ్యేదాకా బ్యాటరీ లేకుండానే నడుపుకోమన్నారు. కొక్కెం ఊడిపోతే పిన్ను లాగి బ్రేకులు పట్టించే బ్రేక్‌అవే స్విచ్‌కి కరెంటు వచ్చేది ఆ బ్యాటరీ నుంచే. ఆ స్విచ్ కూడా మీ దగ్గర కొన్నదే, పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఆ హెచ్చరిక ఉంటుంది. చదవండి.

నాలుగోది సలహా కాదు, అమ్మకం. "ఈ గొడవంతా ఎందుకు సార్, మా లిథియం కిట్టు తీసుకోండి, చిన్నది, ట్రేలో ఇట్టే కూర్చుంటుంది." చూశాను. ఉన్నది గ్రూప్ 31 డబ్బాలో, 13 అంగుళాలు. 12కే చోటు లేదని నేను మొత్తుకుంటుంటే 13 అంటగడుతున్నారు. సైజు పక్కన పెడదాం. బయటి కరెంటుతో బ్యాటరీని ఛార్జి చేసే పాత కన్వర్టరు 13.6 వోల్టులు దాటదు, లిథియం ఐరన్ ఫాస్ఫేటుకి 14.2 నుంచి 14.6 దాకా కావాలి. లేకపోతే నిండడానికి యుగం పడుతుంది, లోపలి సెల్స్ ఒక సమానానికి రావు. కారు నుంచి ఛార్జి కావాలంటే డీసీ టు డీసీ ఛార్జరు వేరే పెట్టాలి. అన్నిటికీ మించి, సున్నా డిగ్రీల కింద ఛార్జి చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. మిన్నెసోటాలో బయట ట్రే మీద పెట్టే బ్యాటరీ ఇది! చలికి ఛార్జింగు ఆపే కట్-ఆఫ్ ఉందా అని అడిగితే మీ ఏజెంటు చెప్పిన జవాబు: "సార్, బ్లూటూత్ ఉంది."

ఇవన్నీ ఒక ఎత్తు, బేకింగ్ సోడా ఒక ఎత్తు. ఒక కుర్రాడు పాత ట్రే ఎందుకు మార్చాల్సి వచ్చిందని అడిగాడు. ఇందాకటి నీళ్లు పోయే రంధ్రాల సంగతే చెప్పాను: ట్రేలో నిలిచిన నీళ్లూ, ఛార్జింగులో బయటికొచ్చే యాసిడ్ తుంపరా కలిసి మూలల్ని తినేస్తాయి. ఆ యాసిడ్‌ని ఎలా కడగాలో కూడా చెప్పాను: ముందు బ్యాటరీ తీసెయ్యాలి, లీటరు నీళ్లకి నాలుగైదు చెంచాల బేకింగ్ సోడా కలిపి ట్రే మీద పొయ్యాలి, నురగ ఆగేదాకా పోస్తూనే ఉండాలి. బ్యాటరీ పైభాగం కడిగితే మూతలు బిగించి ఉండాలి, సోడా లోపలికి పోతే బ్యాటరీ పాడవుతుంది. తర్వాత వైరు బ్రష్షు, ప్రైమరు, పెయింటు. నాలుగు మూలలా అరంగుళం రంధ్రాలు, అడుగున రబ్బరు షీటు. "చెంచా అంటే పెద్దదా సార్, చిన్నదా?" అని కూడా అడిగి రాసుకున్నాడు. ఆ తర్వాత మీ సహాయం పేజీలో అదే, చెంచాల లెక్కతో సహా, "మా నిపుణుల సలహా" అని వచ్చింది. నిపుణుడి ట్రే మాత్రం ఇంకా రాలేదు.

ఇన్నేళ్లుగా ఈ బండికి వేసిన ప్రతిదీ, వెంటు ఫ్యాను నుంచి లైట్ల దాకా, మీ దగ్గరే కొన్నాను. ఇదే సామాను వేరే చోట తక్కువకి దొరుకుతున్నా మీరంటే నమ్మకం. మన తెలుగువాళ్లు నలుగురు ఈ మధ్య పాత ఫైబర్‌గ్లాస్ బళ్లు కొని అడిగితే మీ పేరే చెప్పాను. మీ పెద్దాయన లింక్డిన్‌లో "కస్టమరే దేవుడు" అని రాస్తుంటారు. దేవుణ్ణి అంతసేపు హోల్డులో పెట్టరండీ.

తిరిగి పంపాలంటే రవాణా ఖర్చు నేనే పెట్టుకోవాలని మొన్న వచ్చిన మెయిలు సారాంశం. తప్పు కొలత రాసింది మీరు, ఆ ఖర్చు నా నెత్తినా? లోపలి కొలత కనీసం 12 అంగుళాల మీద ఇంకో అర, వెడల్పు ఏడుంపావు ఉన్న ట్రే పంపండి, లేదా రాను పోను ఖర్చుతో డబ్బు తిరిగివ్వండి, ఏదో ఒకటి. వెబ్‌సైటులో కొలత మార్చండి, ఇంకొకరు మోసపోకుండా. లేదంటే క్రెడిట్ కార్డువాళ్లకి డిస్ప్యూట్ వేస్తాను, మిన్నెసోటా అటార్నీ జనరల్ ఆఫీసుకి మీ సున్నాల విన్ కథ మొత్తం పంపిస్తాను. ఆ టేపు ఫోటో ఫైబర్‌గ్లాస్ బళ్లవాళ్ల కూటాల్లోనూ, మన గుడి వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతుంది. అక్కడ సంగతి ఎంత త్వరగా పాకుతుందో గచ్చిబౌలిలో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే ముందు పేరు చెప్పి మాట్లాడే ఒక మనిషి నాకు ఫోన్ చెయ్యాలి. పట్టిక ముందు పెట్టుకోకుండా.

ఇట్లు,
మీరు ఇంకా పోగొట్టుకోని ఒక కస్టమరు

తా.క.: ఫోటోలు మళ్లీ పంపమని అడగొద్దు. టేపు అంకెలు కనబడేలా తీసినవి ప్రతి టికెట్టుకీ జత చేశాను. మీరు మూసేసిన టికెట్లు తెరిస్తే అన్నీ అందులోనే ఉంటాయి.