మామా, బెట్ట పెట్టిన తోటలోంచి రాస్తున్నా

మామా,

నిన్న నీ ఉద్యోగం పోయిందని చెప్పి నువ్వు ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఏదో సర్దిచెప్పాను గానీ, చెప్పాల్సింది అది కాదని మంచం ఎక్కాక తెలిసింది. అందుకే ఉత్తరం. నా రాత చూసి నవ్వకు, కొన్నేళ్లుగా నేను రాసేదంతా బత్తాయి లెక్కలే.

ముందుగా ఒకటి. మీ బావమరిది "అంతా మన మంచికే" అన్నాడన్నావు చూడు, ఆయన్ని ఒక నెల ఇంటి వైపు రానీయకు. పదిహేడేళ్లు చేసిన ఉద్యోగం పావుగంట మీటింగులో ఊడిపోతే అందులో మంచేముంది? పోయింది పోయిందే. 2020లో నా బడి ఉద్యోగం పోయినప్పుడు నాకూ నలుగురు ఇదే చెప్పారు. ఒక్కడూ పావుకిలో పప్పు తెచ్చివ్వలేదు.

ఆ ఏడాది సంగతి నీకు సగమే తెలుసు. మిగతా సగం సిగ్గుతో దాచాను. మార్చిలో బడులు మూసేశారు గదా. ఆ నెల జీతం సగం వచ్చింది, తర్వాత అదీ లేదు, ఫోను చేస్తే ఎత్తేవాళ్లు లేరు. బోర్డు ముందు పులిలాంటి లెక్కల సారు రెండు వారాలు మంచం దిగలేదు. బిడ్డ వచ్చి "జ్వరమా నాన్నా?" అంటే ఏం చెప్పాలో తోచక అవునన్నాను. కరోనా రోజుల్లో ఎవడైనా జ్వరమని ఒప్పుకుంటాడా? మా ఆవిడ ఇల్లంతా కడిగి, పసుపు నీళ్ల ఆవిరి పట్టించి, నన్ను ముందర గదిలో పెట్టి తలుపేసింది. అట్లా నా ఏడుపుకు ఒక గది దొరికింది.

మా నాయిన ఓదార్చే మనిషి కాదు, నీకు తెలుసు. మూడో వారం కిటికీ దగ్గరికొచ్చి, "కాయ రంగు తిరిగింది. లారీలు రావట. నువ్వే ఏదో ఒకటి చెయ్" అని పోయాడు. కనగల్ వైపు మాకున్న మూడెకరాల్లో సుమారు మూడొందల చెట్లు. కత్తెర కాపు సరిగ్గా ఏప్రిల్‌లో చేతికొచ్చింది, కొనేవాడు లేడు.

టీవీఎస్ ఎక్సెల్‌కు రెండు వైపులా సంచులు కట్టి, నల్గొండ క్లాక్ టవర్ దగ్గరికి పోయాను. మొహానికి మాస్కు. నా జీవితంలో ఒక గుడ్డముక్కకు అంత రుణపడింది అప్పుడే, ఎవరూ గుర్తుపట్టరని. గంట బాగానే గడిచింది. ఇంతలో తల్లితో వచ్చిన పిల్లాడొకడు ఐదొందల నోటు ఇచ్చాడు. మూడు కిలోలు, కిలో 35. చిల్లర తీస్తూ అలవాటు కొద్దీ, "చెప్పు, నీకెంత ఇవ్వాలి?" అనేశాను. వాడు కళ్లు పెద్దవి చేసి, "మూడొందల తొంభై ఐదు... లెక్కల సారూ!" అని అరిచాడు. రోడ్డు మీద అందరూ తిరిగి చూశారు. భూమి చీలితే బాగుండనిపించింది. వాళ్లమ్మ మాత్రం ఏమీ జరగనట్టే ఇంకో రెండు కిలోలు తూయమని, "సార్, సాయంత్రం వీడికి కాసేపు చెప్తారా?" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుందేమో, నేను చూడలేదు. త్రాసు వైపే చూస్తున్నాను.

ఆ రాత్రే మొదటిసారి నాయిన చీటీలు ముందరేసుకున్నాను. పాత డబ్బాలో మూడేళ్ల తక్ పట్టీలున్నాయి, అదే, కాయ అమ్మినప్పుడు మార్కెట్లో రాసిచ్చే చీటీలు. టన్నుకు ఇంత తరుగు, ఆపైన కమీషను, కూలీ, దించిన ఖర్చు. నాయినది నోటి లెక్క, చేతికెంత వస్తే అంతే. నేను వరసగా రాసి కూడితే, మా చెట్ల కాయలో మేము డబ్బు చూడని కాయ ఎంతో తేలింది. తెల్లారి చెప్తే నాయిన నమ్మలేదు. రెండోసారి కూడి చూపించాను. చుట్ట ఆర్పేసి, "ఇన్నేళ్లు బడిలో ఇదేనా చెప్పేది?" అన్నాడు. ఇదే నాయినా, ఆరో తరగతిలో.

తర్వాత పక్క తోటల వాళ్లు సాయంత్రం కాగానే తమ చీటీలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. ఐదుగురం కలిసి డీసీఎం వ్యాను మాట్లాడుకుని కాయ మేమే తోలడం నేర్చుకున్నాం. మొదటి లోడు గురించి అడగకు. వానలో కోసిన కాయ ఆరకముందే ఎక్కించాం, పోయేసరికి సగం మెత్తబడింది. డీజిల్ డబ్బులు కూడా రాలేదు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వం రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది కదా, అవీ తీసుకున్నాను. ఆ బియ్యం సంచి మీద కూర్చునే రెండో లోడు లెక్క రాశాను. ఇప్పుడు హైదరాబాదులో కొత్తపేట పండ్ల మార్కెట్టు లేదు, బాటసింగారం మార్కెట్టుకు పోతున్నాం.

గొప్పగా బతుకుతున్నానని కాదు. బడి జీతం కంటే నాలుగు రాళ్లు ఎక్కువే, కానీ వచ్చినప్పుడు వస్తాయి, రానప్పుడు రావు. జూన్‌లో పిల్లలు కొత్త సంచులు తగిలించుకుని పోతుంటే ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది.

ఈ మాటు మేము బెట్ట పెట్టాం. నీకు తెలియదేమో, బత్తాయికి నెల, నెలన్నర నీళ్లు ఆపేస్తాం. ఆకు వాడుతుంది, కొంత రాలుతుంది. అప్పుడు పాదులు తవ్వి, ఎరువు వేసి, మెల్లగా నీళ్లు మొదలుపెడితే పూత విరగబడి వస్తుంది. మొన్న ఇది చూసి నువ్వే యాదికొచ్చావు. ఇది రాసి నీకు ధైర్యం చెబుదామనుకున్నాను కూడా. నాయినతో అంటే, "ఎండిపోయిన చెట్ల సంగతి కూడా రాయి" అన్నాడు. నిజమే. ఎర్ర చెల్క నేలలో నాలుగు రోజులు ఎక్కువైతే చెట్టే పోతుంది, ముసలి చెట్టుకు అసలు పెట్టం. ఎంత వాడితే చాలో చూసే మనిషి పక్కనుండాలి. నాకు కిటికీ దగ్గర నాయిన ఉన్నాడు. అందుకే నిన్ను ఒంటరిగా ఆ గదిలో వదలబుద్ధి కావట్లేదు.

బీఎడ్ రోజుల్లో మీ మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, ఆ పెద్ద మర్రిచెట్టు కింద టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లం గుర్తుందా? నువ్వు తెచ్చే జొన్నరొట్టె, పుంటికూర మీద నా కన్ను. ఏడొందల ఏళ్ల చెట్టంటారు, 2017 చివర్లో దాని పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు తొలిచేశాయి. మరుసటి ఏడు ఆస్పత్రిలో మనిషికి ఎక్కించినట్టు కొమ్మ కొమ్మకు సెలైన్ సీసాల్లో చెదల మందు ఎక్కించారు. పేపర్లో ఆ ఫోటో వస్తే నువ్వే నాకు పంపి, "మన చెట్టుకు గ్లూకోజు పెట్టారు మామా" అన్నావు. విరిగిన కొమ్మను మళ్లీ అతికించలేదు కదా. మిగతా కొమ్మల కింద దిమ్మెలు కట్టి ఆపారు.

ఇక అసలు సంగతి. సెటిల్‌మెంట్ డబ్బుతో కర్రీ పాయింట్ పెడతానన్నావు. వద్దని కాదు, ఇప్పుడు వద్దు. ఆర్నెల్లు ఆ డబ్బు ముట్టుకోకు, పీఎఫ్ అసలే ముట్టుకోకు. నేను మొదటి నెలలో ఆటో కొనబోయి ఆగాను. ఆ తలకాయతో కొని ఉంటే ఈ పాటికి ఫైనాన్స్ వాళ్లు పట్టుకుపోయేవాళ్లు. నీ చేతిలో ఏముందో ముందు చూసుకో. స్టోర్సులో పదిహేడేళ్లు ఒక్క మేకు కూడా లెక్క తప్పనీయని మనిషివి. మా ఐదుగురికి ఏ క్రేటు ఎవరిదో, ఎన్ని పోయాయో, ఎన్ని తిరిగొచ్చాయో ఇప్పటికీ గొడవే. జాలిపడి పిలవట్లేదు మామా, నిజంగానే గొడవ. పోయిన సీజన్లో నలభై క్రేట్లు మాయం.

ఆదివారం రా. మహబూబ్‌నగర్ నుంచి పొద్దున బస్సు ఎక్కితే మధ్యాహ్నం అన్నానికి అందుకుంటావు. రెండు రోజులుండు, ఉద్యోగం మాట ఎవరూ ఎత్తరు, నాయినకు చెప్పాను. ఆయన ఎత్తితే మాత్రం నేనేం చేయలేను. మఫ్లర్ తెచ్చుకో, తోటలో మంచు బాగా పడుతుంది. వచ్చేటప్పుడు ఒక మంచి స్టాకు రిజిస్టరు కూడా పట్టుకురా, గట్టి అట్టది.

నీ,
లెక్కల సారు