పీరియడ్‌లో వీడియోకు ఆరు నిమిషాలు చాలు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

2022 డిసెంబర్ 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. ఆ తర్వాత తరగతి గోడల మీదికి పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి. పరికరాలకు కొదవ లేదు. 45 నిమిషాల పీరియడ్‌లో వాటిని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే ఇంకా తేలలేదు.

పదో తరగతి కాంతి వక్రీభవనం (కాంతి ఒక పదార్థంలోంచి మరోదానిలోకి వెళ్లేటప్పుడు వంగడం) పాఠమే తీసుకోండి. ముందు గాజు గ్లాసులో నీళ్లు పోసి పెన్సిల్ ఏటవాలుగా పెట్టాలి. నీటిమట్టం దగ్గర అది విరిగినట్టు కనిపిస్తుంది. కనిపించినదాన్ని పిల్లలు నోటుబుక్కులో గీయాలి. దీనికి పది నిమిషాలు. అప్పుడు ప్యానెల్ మీద ఆరు నిమిషాల వీడియో. కిరణం నీటిలోంచి గాలిలోకి అడుగుపెట్టే చోట వీడియో ఆపి, "అభిలంబం (నీటిమట్టానికి లంబంగా గీసే ఊహారేఖ) వైపు వంగుతుందా, దూరంగా జరుగుతుందా?" అని అడగాలి. ఆపకుండా నడిపిస్తే ఆలోచించేలోపే జవాబు తెర మీద కనబడిపోతుంది. తర్వాత ఇరవై నిమిషాలు స్కేలు, పెన్సిల్‌తో కిరణ చిత్రాలు. మిగిలిన తొమ్మిది నిమిషాలు ట్యాబులో అయిదు ప్రశ్నలు. నలభై మందిలో పన్నెండు మంది ఒకే తప్పు ఆప్షన్ నొక్కారంటే, మర్నాడు పాఠం అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఇలా సాగాలంటే ముందు మార్చాల్సింది తనిఖీ పద్ధతి. వీడియో ఎన్ని నిమిషాలు నడిచిందో లెక్క అడిగితే వీడియోలే నడుస్తాయి, పాఠం నడవదు. పిల్లలు ఏ ప్రశ్న తప్పారు, టీచరు దాన్ని మళ్లీ చెప్పారా అని అడగండి.

ఇక నెట్. ఒక్కో ట్యాబుకు 1.5 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) చొప్పున నలభై ట్యాబుల్లో ఒకేసారి వీడియో ఆడాలంటే 60 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి. అదే ఆరు నిమిషాల వీడియోను బడిలో ఒక్కసారి దించుకుంటే 68 ఎంబీతో సరిపోతుంది. నలభై మంది విడివిడిగా దించుకుంటే 2.7 జీబీ! అందుకే పాఠాలవారీ ప్యాకేజీని రాత్రిపూట బడిలోని చిన్న సర్వర్‌కు పంపండి. ఇంట్లో చూడాల్సినవన్నీ మెమరీ కార్డులోనే ఉండాలి. ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో అది నాన్నతో పాటు పనికి వెళ్లిపోతుంది, సాయంత్రం దాకా తిరిగి రాదు.

ప్యానెల్ పక్కనే బోర్డు ఉన్నచోట సుద్దపొడి సంగతి చూడాలి. కంటికి కనపడని కిరణాలతో వేలిని గుర్తించే ఇన్‌ఫ్రారెడ్ టచ్ ప్యానెల్ అంచుల్లో పొడి పేరుకుంటే వేలు పెట్టినచోట కాక మరోచోట గీత పడుతుంది. ప్యానెల్ చెడిపోయిందని ఫిర్యాదు రాసే ముందు, స్విచ్ ఆపి తడిలేని మెత్తటి గుడ్డతో నాలుగంచులూ తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది. ఈ రెండు వాక్యాలు ప్రతి ప్యానెల్ పక్కనా తెలుగులో అంటించండి. కరెంటు పోతే ఒక పీరియడ్ పాటు నడిపే ఇన్వర్టర్ కూడా కావాలి.

పాఠ్యపుస్తకంలో తెలుగు, ఇంగ్లిష్ ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి. వీడియోలోనూ వివరణ తెలుగులో, పారిభాషిక పదాలు రెండు భాషల్లో వినిపించాలి.

చివరిగా, వీడియోను ముందే చూసి ఎక్కడ ఆపాలో గుర్తు పెట్టుకోవడానికి సబ్జెక్టు టీచరుకు వారానికి ఒక పీరియడ్ టైంటేబుల్‌లోనే కేటాయించండి. వచ్చే విద్యా సంవత్సరం టైంటేబుల్ ఖరారయ్యేలోపే ఆ ఉత్తర్వు ఇప్పించమని వేడుకుంటున్నాం.

ఇట్లు,
ప్రభుత్వ ఉన్నత పాఠశాలల సైన్స్, గణిత ఉపాధ్యాయులు