సినిమా పాఠం కోసం కావలి నుంచి హైదరాబాదు దాకా పోవలసిందేనా?

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల యువకులు తీసిన లఘుచిత్రాల గురించి మీ జిల్లా పేజీలో వార్త కనిపించినప్పుడల్లా నాకు సంతోషం, దిగులు రెండూ కలుగుతాయి. మనవాళ్లు మన ఊళ్లను, మన మాటను తెర మీదికి తెస్తున్నందుకు సంతోషం. తీసినదాన్ని కూర్చోబెట్టి చూసి, ఇక్కడ తప్పింది, ఇలా దిద్దుకోమని చెప్పగల వృత్తినిపుణుడు వాళ్లలో ఒక్కరికీ అందుబాటులో లేడన్నది దిగులు. నేను కావలిలో 19 ఏళ్లుగా పెళ్లి వీడియోలు తీసి బతుకుతున్నవాణ్ని. కెమెరా పట్టడం, లైటు పెట్టడం, రాత్రంతా కూర్చుని ఎడిటింగ్ చేయడం నాకు తెలుసు. కానీ కథను సీన్లుగా విడగొట్టడం, ఒక సీను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తేల్చుకోవడం, సంగీతం ఎక్కడ ఉండాలో ఎక్కడ ఉండకూడదో గుర్తించడం కెమెరా కొన్నంత మాత్రాన రాలేదు. ఈ లేఖ ఆ లోటు గురించే.

ఒకప్పుడు మన ప్రాంతానికి ఈ లోటు ఇంతగా లేదు. నెల్లూరు నుంచి మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు, రైలులో మూడు గంటల ప్రయాణం. తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్లు పరిశ్రమకు దగ్గరగా ఉన్న తెలుగు ఊళ్లలో నెల్లూరు ఒకటి. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో 1921లో పుట్టిన ఆచార్య ఆత్రేయ నాటకాలు రాసి రాసి పదును తేలిన కలంతోనే సినిమాకు వెళ్లారు. నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి అబ్బాయి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఇంజనీరింగ్ చదువు కోసం మద్రాసులో ఉంటూ పాటల పోటీలో పాడితే, ఆ గొంతులో ఏముందో సంగీత దర్శకుడు కోదండపాణి గారి చెవికి తెలిసింది. 1966లో బాలు గారి చేత సినిమాకు మొదటి పాట పాడించినది ఆయనే. తరువాతి కాలంలో బాలు గారు తన రికార్డింగ్ స్టూడియోకు ఆయన పేరు పెట్టుకున్నారంటే ఆ ఒక్క పరిచయం విలువ ఎంతటిదో ఊహించవచ్చు. వామపక్ష కళాసంస్థ అయిన ప్రజానాట్యమండలిలో, ఒంగోలులో ఎదిగి సినిమాకు వెళ్లిన టి.కృష్ణ, మాదాల రంగారావు గార్ల సంగతి ప్రకాశం జిల్లావారికి నేను గుర్తు చేయనక్కరలేదు. వీళ్లందరికీ ప్రతిభ ఉన్నది నిజమే. దానితో పాటు, వృత్తిలో తలపండినవాళ్లకు తమ పని చూపించుకునే వీలు ఒక రాత్రి రైలు దూరంలోపే ఉండేది. పరిశ్రమ హైదరాబాదుకు తరలాక నెల్లూరు దానికి సుమారు 450 కిలోమీటర్ల దూరమైంది. ఆ దూరం మనకు సినిమాలు రాకుండా ఆపలేదు గానీ సినిమా చేసేవాళ్లను మాత్రం మన కంటికి కనబడకుండా చేసింది.

సినిమా చూడటంలో మనం ఎవరికీ తీసిపోము. పంపిణీ వ్యాపారంలో నిజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్రల సరసన నెల్లూరుకు విడిగా ఒక ఖాతా ఉంది, వసూళ్ల పట్టికలో మన పేరు ప్రత్యేకంగా పడుతుంది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేటలో 2019లో కట్టిన హాలులో తెర వెడల్పు 106 అడుగులు. ఇంత పెద్ద తెర ఉన్న ప్రాంతంలో ఒక స్క్రీన్‌ప్లే పేజీని దిద్ది ఇచ్చే గురువు లేకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

నాలుగేళ్ల క్రితం ఈ చదువు కోసమే నేను రెండు పెళ్లి ఆర్డర్లు వదులుకుని, ఫీజు కట్టి హైదరాబాదులో రెండు రోజుల శిక్షణకు వెళ్లాను. హాలులో అరవై మందికి పైగా ఉన్నాము. వచ్చిన అతిథులు తాము ఎన్ని కష్టాలు పడి పైకి వచ్చారో చెప్పారు, మేము చప్పట్లు కొట్టాము, సాయంత్రం వరుసలో నిలబడి ఫోటోలు దిగాము, రెండో రోజు చివర సర్టిఫికెట్లు పంచారు. నా సంచిలో నేను రాసుకుని వెళ్లిన పన్నెండు పేజీలున్నాయి. వాటిలో ఒక్క పేజీని ఎవరూ చదవలేదు, చదవమని అడిగే సమయం కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఆ అతిథుల మీద నాకు కోపం లేదు, వాళ్ల కష్టాలు నిజమైనవే. కానీ తన పేజీ మీద ఎర్రగీత పడని విద్యార్థి రాయడంలో ఏమీ నేర్చుకోలేదనే నేను నమ్ముతాను.

అసలైన పాఠం నాకు మా స్టూడియో పైగదిలోనే దొరికింది. కందుకూరుకు చెందిన ఒక తమ్ముడు హైదరాబాదులో అసోసియేట్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, నేను తీసిన పద్నాలుగు నిమిషాల చిత్రాన్ని చూసి పెట్టమని బతిమాలాను. రొయ్యల చెరువు దగ్గర రాత్రిపూట కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే, నీళ్లలో ఆక్సిజన్ తగ్గి పంట మొత్తం చచ్చిపోతుందన్న భయంతో ఒక రైతు, అతని భార్య గడిపిన కొన్ని గంటల కథ అది. నేను రైతు నిద్ర లేవడంతో మొదలుపెట్టాను. అతను అన్నం తినడం, బండి తీయడం, గట్టు మీదుగా వెళ్లడం అన్నీ శ్రద్ధగా, అందంగా తీశాను. ఆ తమ్ముడు చూసి, "అన్నా, ఈ మొదటి నాలుగు నిమిషాలు కెమెరా మీద నీకున్న ఇష్టం చెబుతున్నాయి, కథ ఇంకా మొదలవలేదు" అన్నాడు. అవి తీసేశాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది.

తరువాత అతను అడిగిన ప్రశ్న నేను జన్మలో మరచిపోను. ఏరేటర్ల చప్పుడు ఆగిపోవడమే ఈ కథలో అన్నిటికన్నా పెద్ద సంఘటన కదా, ఆ సమయంలో వెనకాల వయొలిన్లు వాయిస్తూ ఉంటే చప్పుడు ఆగిందని ప్రేక్షకుడికి ఎలా తెలుస్తుంది అని అడిగాడు. సీనును తిరిగి ఎలా రాయాలో కూడా చెప్పాడు. చెరువు గట్టు మీద మొదలుపెట్టాలి, ఏరేటర్ల హోరులో వినబడాలంటే ఆ దంపతులు గట్టిగా మాట్లాడుకోక తప్పదు, వాళ్లు మాట్లాడేది కూతురి కాలేజీ ఫీజు గురించి. హోరు ఉన్నట్టుండి ఆగుతుంది. చప్పుడు ఆగిన తరువాత కూడా ఒక మాట అదే అలవాటుతో గట్టిగానే నోటి నుంచి వస్తుంది, ఆ మాట నిశ్శబ్దంలో పడ్డాక గానీ ఏం జరిగిందో వాళ్లకు తెలియదు. ఇందులో ఖర్చుతో కూడిన పని ఒక్కటి లేదు. కొత్త లెన్సు అవసరం లేదు, డ్రోన్ అవసరం లేదు. రాసేటప్పుడే చెవితో ఆలోచించడం కావాలి, అంతే. మూడు గంటలలో ఆ యువకుడు నాకు చెప్పినది పందొమ్మిదేళ్ల అనుభవం నాకు చెప్పలేదు.

సంగీతం విషయంలోనూ ఇదే అనుభవం. ఆ చిత్రానికి కీబోర్డు వాయించినది మా ఊరి నాటకాలకు ఏళ్ల తరబడి హార్మోనియం వాయించిన మిత్రుడు. నాటకంలో హార్మోనిస్టు నటుడి ఊపిరిని చూసి వాయిస్తాడు, నటుడు ఆగితే తానూ ఆగుతాడు, పద్యం సాగితే తానూ సాగుతాడు. సినిమాలో తెర మీది మనిషి ఊపిరి ముందే అయిపోయి ఉంటుంది, అది సంగీతం కోసం ఆగదు. అందుకే రీరికార్డింగ్‌లో, అంటే తీసిన బొమ్మకు నేపథ్య సంగీతం కూర్చడంలో, లెక్క అవసరమవుతుంది. సెకనుకు 24 ఫ్రేములు నడిచే బొమ్మ మీద, నిమిషానికి 120 దరువుల వేగంతో వాయిస్తే ఒక్కో దరువుకు సరిగ్గా 12 ఫ్రేములు పడతాయి. తలుపు తెరుచుకునే ఫ్రేము మీద దరువు పడాలంటే వేగాన్ని ఎంత మార్చాలో దాన్నిబట్టి తేల్చుకోవచ్చు. ఈ సంగతి చెన్నైలో పనిచేసే ఒక కీబోర్డు ప్రోగ్రామర్ ఫోనులో చెప్పేదాకా మాకు తెలియదు. రాగజ్ఞానం, తాళజ్ఞానం పుష్కలంగా ఉన్న మా మిత్రుడు ఈ ఒక్క లెక్క తెలియక, తనకు సినిమా సంగీతం చేతకాదని నిరుత్సాహపడి ఉన్నాడు. ఇలాంటి హార్మోనిస్టులు, తబలా కళాకారులు మన రెండు జిల్లాల్లో ఎందరున్నారో పరిషత్తు నాటకాలు చూసేవారికి బాగా తెలుసు.

పనిచేసే వృత్తినిపుణులు దగ్గరికి వస్తే ఏం జరుగుతుందనడానికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ 1949లో తన సినిమా కోసం కలకత్తా వచ్చినప్పుడు, అప్పటికి ప్రకటనల సంస్థలో ఉద్యోగం చేస్తున్న సత్యజిత్ రాయ్ ఆయనకు లొకేషన్లు చూపిస్తూ వెంట తిరిగారు. ఆ చిత్రీకరణ జరుగుతుండగా సుబ్రత మిత్ర అనే కుర్రవాడు కేవలం చూపరిగా నిలబడి, ఏ లైటు ఎక్కడ పెట్టారో పుస్తకంలో బొమ్మలు గీసుకున్నాడు. బన్సీ చంద్రగుప్త కళా విభాగంలో సహాయకుడిగా పనిచేశారు. ఆ తరువాత ముగ్గురూ కలిసి 'పథేర్ పాంచాలి' తీశారు. 21 ఏళ్ల సుబ్రత మిత్ర అంతకుముందు సినిమా కెమెరా నడిపి ఎరుగడు. డబ్బులు అయిపోయి చిత్రీకరణ పలుమార్లు ఆగింది, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకున్నాక 1955లో విడుదలైంది. స్వతంత్ర సినిమా అంటే ఎవరి సాయమూ లేకుండా, ఏమీ నేర్చుకోకుండా తీసేదని మనలో కొందరు అనుకుంటున్నారు. అది పొరపాటు. పెద్ద సంస్థ వెనక లేనివాడికే వృత్తి మెళకువలు ఎక్కువ తెలియాలి, ఎందుకంటే రెండోసారి షూటింగ్ చేయడానికి వాడి దగ్గర డబ్బు ఉండదు.

పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960 నుంచి, కలకత్తాలోని సంస్థ 1995 నుంచి ఉన్నాయి. రెండూ గొప్పవే గానీ ప్రవేశ పరీక్ష నెగ్గి, ఏళ్ల తరబడి అక్కడ ఉండి చదవగలిగేవారు కొద్దిమందే, అక్కడి బోధన తెలుగులో జరగదు. కథ తెలుగులో రాసేవాడికి పాఠం తెలుగులో అందాలన్నది నా గట్టి అభిప్రాయం. "ఏందబ్బయా" అన్న పిలుపులో ఎంత ప్రేమ ఉందో, ఎంత నిష్ఠూరం ఉందో, సందర్భాన్నిబట్టి అది ఎలా మారుతుందో పరాయి భాషలో ఏ ఆచార్యుడు చెప్పగలడు? చీమకుర్తి క్వారీలో పనిచేసే కూలీ మాట, పొగాకు వేలం దగ్గర రైతు మాట, పులికాట్ జాలరి మాట ఒక్కటి కావు. ఆ తేడా వినగలిగినవాడే సంభాషణలు దిద్దగలడు.

కనుక నేను కోరేది పెద్ద భవనాన్నో, కొత్త కళాశాలనో కాదు. నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లో బాలసుబ్రహ్మణ్యం గారి పేరు పెట్టారు. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఉంది. వీటిలో ఏదైనా ఒకటి, రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ సహకారంతో, నెలకు రెండు రోజుల చొప్పున ఆరు నెలలు ఒక తరగతి నడిపితే చాలు. ఇరవై మందికి మించి తీసుకోకూడదు. ప్రతివారూ తమ సొంత కథతో పది పేజీల స్క్రీన్‌ప్లే రాసుకుని రావాలి. సరైన పద్ధతిలో రాస్తే పేజీకి సుమారు ఒక నిమిషం కనుక అది పది నిమిషాల సినిమా అవుతుంది. మొదటి రెండు నెలలు ఆ పేజీలను ఒక రచయిత దిద్దాలి, తరువాత వాటిలో కొన్నింటిని చిత్రీకరించి ఎడిటర్ ముందు పెట్టాలి, చివరగా మన ఊరి వాద్యకారులనే కూర్చోబెట్టి సంగీత దర్శకుడి పర్యవేక్షణలో రీరికార్డింగ్ చేయాలి. వివిధ నగరాలలో స్వల్పకాలిక కోర్సులు నడుపుతున్న పుణె సంస్థను కూడా నెల్లూరుకు రమ్మని అడగవచ్చు.

పిలిచే గురువులు తారలే కానక్కరలేదు. కో-డైరెక్టర్లు, అసోసియేట్ ఎడిటర్లు, సౌండ్ ఇంజనీర్లు, అసలు గాయకుల కన్నా ముందు నమూనాగా ట్రాక్ పాడే గాయకులు నిత్యం పనిలో ఉండేవాళ్లు, వాళ్ల చేతుల్లోనే విద్య ఉంది. వాళ్ల సమయానికి తగిన పారితోషికం ఇవ్వాలి, సొంత జిల్లా మీద అభిమానంతో ఉచితంగా రమ్మనడం న్యాయం కాదు. తరగతులు సాయంత్రం ఐదు గంటలకల్లా ముగిసేలా చూస్తే కనిగిరి, ఉదయగిరి వైపు నుంచి ఆడపిల్లలు కూడా ధైర్యంగా వచ్చి పోగలరు. మా దగ్గరికి ఎడిటింగ్ నేర్చుకోవడానికి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు బస్సు వేళలు కుదరకనే మానుకున్నారు.

ఇంకొక్క సంగతి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమా పాట రాసిన కవికి, బాణీ కట్టిన స్వరకర్తకు హాలులో ప్రదర్శన మినహా ఇతర వినియోగాల మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా హక్కు ఉంటుంది. దాన్ని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప మరొకరికి రాసివ్వడానికి వీలులేదు. ఈ ఒక్క విషయం తెలియక మన పిల్లలు పాటలను ఏ కాగితమూ లేకుండా ఇచ్చేస్తున్నారు. కథను రచయితల సంఘంలో రిజిస్టరు చేయించుకోవడం దగ్గర నుంచి ఒప్పందం చదవడం దాకా ఒక పూట పాఠం తప్పనిసరిగా ఉండాలి.

ఇవన్నీ ప్రభుత్వమే చేయాలని నేను చేతులు ముడుచుకుని కూర్చోను. కావలిలో మా స్టూడియో పైగది మూఢాల్లోనూ, ఆషాఢంలోనూ పూర్తిగా ఖాళీ. అక్కడ ఇరవై మంది కూర్చోవచ్చు. రెండు కెమెరాలు, నాలుగు లైట్లు, ఒక ఎడిటింగ్ సిస్టం ఉన్నాయి, వాటిని అద్దె లేకుండా ఇస్తాను. కందుకూరు తమ్ముడు మొదటి రెండు రోజుల పాఠం తానే చెబుతానని ఒప్పుకున్నాడు. స్క్రీన్‌ప్లే దిద్దగల రచయిత ఒకరు, రీరికార్డింగ్ తెలిసిన సంగీతజ్ఞుడు ఒకరు మాకు ఇంకా కావాలి. మన జిల్లాలవాళ్లై ఉండి హైదరాబాదులోనో చెన్నైలోనో ఆ పనుల్లో ఉన్నవారు ఈ లేఖ చదివితే మీ కావలి విలేకరి ద్వారా నాకు కబురు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక వీడియోగ్రాఫర్,
కావలి.