కొండగొర్రెకు వేసవి గండం

సంపాదకులకు,

శివరాత్రి దాటితే శేషాచలంలో బోద గడ్డి ఎండిపోతుంది. కోనల్లో పారే నీళ్లు గుండాలకే పరిమితమవుతాయి. అప్పటినుంచి తొలకరి పడేదాకా కొండగొర్రెకు, అంటే నాలుగు కొమ్ముల జింకకు, ఆ గుండాలే దిక్కు, అక్కడే దానికి చావు కూడా. ఈసారైనా అటవీ శాఖ ముందే మేలుకోవాలి.

ఎర్రచందనం రోజూ వార్తే. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పాపను పొట్టన పెట్టుకున్నాక చిరుతల గురించీ అందరం మాట్లాడుతున్నాం. అది అడవిలో ఏం తిని బతకాలో మాత్రం ఎవరూ అడగడంలేదు. దుప్పి, కొండగొర్రె తగ్గిపోతే చిరుత కుక్కల కోసం ఊళ్లమీదికి రాదా?

భారత్, నేపాల్ తప్ప కొండగొర్రె ప్రపంచంలో మరెక్కడా లేదు. ఇరవై కిలోల బరువుంటుంది. మగదానికి నాలుగు కొమ్ములు: చెవుల మధ్య పొడుగు జత, నుదుటిమీద రెండంగుళాలు దాటని పొట్టి జత. మందగా తిరగదు, పొదల్లో ఒంటరిగా నక్కి ఉంటుంది. నీళ్లకు దూరంగా పోలేదు. పైగా మళ్లీ మళ్లీ ఒకేచోట పెంటికలు వేసే అలవాటు. ఉచ్చు వేసేవాడికి ఆ కుప్పే ఆనవాలు. బైకు క్లచ్ వైరు ఒక ముక్క చాలు, అది నడిచే సందులో పొదకు కట్టి పోతాడు. తుపాకీ మోత ఉండదు, పక్క ఊరికి కూడా తెలియదు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే ఇదీ ఉంది. వేటాడితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. అయినా అడవి మాంసానికి గిరాకీ ఉన్నన్నాళ్లూ చట్టం ఒక్కటే ఏం ఆపుతుంది?

జంతువులు నీళ్లు తాగే సాసర్‌పిట్లను (లోతు తక్కువ తొట్లను) ట్యాంకరు పోయే రోడ్ల పక్కనే కాదు, లోపలి కోనల్లోనూ నింపాలి. అయితే నీళ్లు పోసి వచ్చేస్తే వేటగాడికి మనమే చోటు చూపినట్టు. వారానికోసారి చుట్టూ పొదలు గాలించి వైర్లు ఏరేయాలి. దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు. అడవిని ఎరిగిన యానాది యువకులను వేసవంతా వాచర్లుగా పెట్టుకుని, జీతం నెలనెలా చేతికివ్వాలి. ఆకుల కింద వైరు వాళ్ల కంటికి కనపడ్డట్టు మనకు కనపడదు. మంట పాకకుండా గడ్డి తీసేసే ఫైర్‌లైన్లు ఫిబ్రవరిలోపే గీయాలి. మార్చిలో ఎవరో పారేసిన బీడీకి బోద అంటుకున్నాక కొమ్మలు పట్టుకుని పరుగెత్తితే ఏం లాభం?

— ఒక పాఠకుడు, చంద్రగిరి, తిరుపతి జిల్లా