పాత ప్లగ్గులు పారేయకండి, ఓనరు చేతికివ్వండి

సంపాదకులకు,

గత ఆదివారం మీ వాహనాల పేజీలో స్పార్క్ ప్లగ్గులు మార్చుకోవడం గురించి రాశారు. ఎలా విప్పాలో, ఎలా బిగించాలో అంతా ఉంది. విప్పిన పాత ప్లగ్గును ఏం చేయాలో మాత్రం ఒక్క మాట లేదు. ఆ ఒక్క మాట తెలియక 38 వేలు పోగొట్టుకోబోయి ఆగినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. కానీ నా చేతులకు తెలిసింది డీజిలే. డీజిల్ ఇంజిన్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది, స్పార్క్ ప్లగ్గు పుట్టించే నిప్పురవ్వతో పనిలేదు. అందుకని పెట్రోలు బండి దగ్గర నేనూ అప్రెంటిస్‌నే. పైగా నాకు దొరికింది శాన్ స్టార్మ్. రెండే సీట్లు, ఫైబర్ బాడీ, లోపల 1149 సీసీ రెనో ఇంజిన్. 1990ల చివర్లో మన దేశంలోనే తయారైన స్పోర్ట్స్ కారు ఇది అంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. బెంగళూరులో ఉండే మా బావమరిది మోజుపడి కొన్నాడు. మోజు తీరాక సముద్రపొడ్డున మైపాడులో వాళ్ల అత్తగారి కొబ్బరితోటలో రేకుల షెడ్డు కింద పడేశాడు. రెండు వానాకాలాలు అక్కడే ఉంది. "నీకైతే మాట వింటుంది, తోలుకుపో బావా" అన్నాడు. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని సగం కారు అంటుంది.

తెచ్చిన నెలకే, పెన్నా బ్రిడ్జి దాటి కోవూరు వైపు పోతుంటే మిస్ కొట్టడం మొదలుపెట్టింది. నాలుగు సిలిండర్లలో ఒకటి పనిచేయకపోతే కూర్చున్నవాడి నడుముకే తెలిసిపోతుంది. ఊళ్లో ఒక గ్యారేజీకి ఇచ్చాను. కుర్రాడు మంచివాడే, చెయ్యి చురుకు. అరగంటలో నాలుగు ప్లగ్గులూ మార్చి పాతవి డబ్బాలోకి విసిరేశాడు. రెండు రోజులు బాగుంది. మూడో రోజు మళ్లీ అదే వణుకు.

ఈసారి "పిస్టన్ రింగులు పోయాయి సామీ, ఇంజిన్ దించాల్సిందే, 38 వేలవుతుంది" అన్నాడు.

"మొన్న తీసిన ప్లగ్గులేవి అబ్బయ్యా?"

"పారేసినవాటితో మీకేం పని సామీ?"

డబ్బా బోర్లించి చూస్తే పది బండ్లవి కలిసిపోయి ఉన్నాయి. అందులో మావేవో తేల్చడం ఎవరివల్లా కాదు. సరేనని కారును ఎలాగో ఇంటికి తెచ్చుకుని, ఆ కొత్త ప్లగ్గులనే నేను విప్పాను. వారం కూడా కాలేదు, అయినా చెప్పాల్సింది చెప్పాయి.

ప్లగ్గు కొన పలచటి గోధుమరంగులో, పాలు ఎక్కువైన టీలా ఉంటే ఆ సిలిండర్ బాగున్నట్టు. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ చూసుకోవాలి. తెల్లగా పాలిపోయి, బొబ్బలెక్కి ఉంటే మితిమీరిన వేడి. నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంటే ఆయిల్ పైకొస్తోందని. ఇది వస్తేనే రింగులనో, వాల్వ్ సీళ్లనో అనుమానించాలి. మావి మూడు గోధుమరంగులోనే ఉన్నాయి. మూడో సిలిండర్‌ది మాత్రం తడిసి ఉంది. వేలికి రాసుకుని చూశాను. జిడ్డు లేదు. పెట్రోలు వాసన. చూస్తుండగానే ఆరిపోయింది. ఆయిలైతే అలా ఆరదు కదా! అంటే పెట్రోలు వస్తోంది, నిప్పు అంటుకోవడం లేదు. రింగులకీ దీనికీ సంబంధమే లేదు.

ఆ ప్లగ్గును రెండో సిలిండర్లోకీ, రెండోదాన్ని మూడులోకీ మార్చి కాసేపు నడిపి మళ్లీ విప్పాను. మళ్లీ మూడోదే తడి. ప్లగ్గు తప్పు కాదన్నమాట. ఇక మిగిలింది కాయిల్ నుంచి ప్లగ్గుకు కరెంటు తెచ్చే హై టెన్షన్ వైరు. టీవీలు బాగుచేసే మా మేనల్లుడు మల్టీమీటర్ తెచ్చి పెడితే మిగతా మూడు వైర్లు కొన్ని వేల ఓములు చూపించాయి, మూడో సిలిండర్ వైరు మాత్రం అసలు ఏమీ చూపించలేదు. రబ్బరు టోపీ వెనక్కి లాగితే లోపల ఇత్తడి కొన నిండా పచ్చటి చిలుము. మైపాడు ఉప్పుగాలి అక్కడ కూర్చుని ఉంది. గ్యారేజీలో కదిలించినప్పుడు కాస్త అంటుకుని, ఆ రెండు రోజులు నడిచిందంతే.

ఈ బండికి వైర్లు నెల్లూరులో దొరకలేదు. పినాకిని రైలెక్కి, బండ్ల విడిభాగాల కొట్లుండే చెన్నై జీపీ రోడ్డుకు పోయాను. ఒక కొట్టాయన పాత వైర్లు కొలిచి, అదే పొడవుకి నాలుగూ కట్టిచ్చాడు. 2,600 అయ్యింది.

మీ వ్యాసంలో తొందరగా దాటేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గు విప్పాలి, వేడిగా ఉన్న అల్యూమినియం హెడ్డులో మరలు ఊడివచ్చేస్తాయి. విప్పేముందు ప్లగ్గు గుంటలోని ఇసుకను సైకిలు పంపుతో ఊదేయాలి, లేకపోతే తిన్నగా సిలిండర్లోకి పోతుంది. వైరును పట్టుకుని గుంజకూడదు, టోపీని పట్టుకుని తీయాలి. ఒకదాని పని అయ్యాకే ఇంకోటి, వైర్లు తారుమారైతే అదో తలనొప్పి. కొత్త ప్లగ్గైనా నిప్పురవ్వ దూకే గ్యాప్ కొలవాలి. నేను బస్సు ఇంజిన్ల ట్యాపెట్లకు వాడిన, సందు కొలిచే ఫీలర్ గేజే తీశాను, ఇంకా తుప్పు పట్టలేదు. బిగించేటప్పుడు మొదట పెట్రోలు పైపు ముక్క తొడిగి వేళ్లతోనే తిప్పాలి. మర తప్పుగా ఎక్కితే పైపు జారుతుంది, హెడ్డు బతుకుతుంది. చేతికి ఆగాక, వాషరున్న కొత్త ప్లగ్గుకు స్పానర్‌తో ఇంకో సగం తిప్పు, మహా అయితే కాస్త ఎక్కువ. పొడుగు రాడ్డు తగిలించి వేలాడే అలవాటు బస్సు చక్రాల నట్ల దగ్గర ఉంచుకోవాలి. నాకూ చెయ్యి ఊరుకోక ఒకసారి రాడ్డు మీదికి పోయింది.

అసలు విన్నపం ఇది. మా డిపోలో పాత పార్టు అప్పజెబితేగానీ స్టోర్స్‌లో కొత్తది ఇచ్చేవాళ్లు కాదు. అప్పట్లో విసుక్కునేవాళ్లం. బయటి గ్యారేజీల్లో పాతదాన్ని చూసేవాడే లేడు. ఏ సిలిండర్‌ది ఏదో వరుసగా పెట్టి బిల్లుతోపాటు ఓనరు చేతికిమ్మని మీ పేజీలో ఒకసారి రాయండి. ఓనర్లు కూడా అడగాలి. ఇంజిన్ దించమన్నవాణ్ని ముందు ప్లగ్గు చూపించమనడానికి చదువేం అక్కర్లేదు.

నా వంతుగా ఒక అట్టముక్కకు నాలుగు బొక్కలు పెట్టి, 1, 2, 3, 4 అని రాసి ఆ కుర్రాడికి ఇచ్చొచ్చాను. "బాగుంది సామీ" అన్నాడు. మొన్న అటు పోతే దాని మీద టీ గ్లాసులు పెట్టుకుని ఉన్నారు.

— ఆర్టీసీ విశ్రాంత మెకానిక్, నెల్లూరు