గర్భిణులను ‘మందు’ గురించి కాదు, కల్లు గురించి అడగండి

సంపాదకుడు గారికి,

నల్లగొండ జిల్లాలో 22 ఏళ్లు అంగన్‌వాడీ టీచర్‌గా చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. గర్భిణుల పేర్లు రాసుకునేటప్పుడు "మందు అలవాటుందా?" అని అడిగితే అందరూ "ఛీ, లేదు టీచరమ్మా" అనేవాళ్లు. నేనూ లేదనే రాసుకునేదాన్ని. ఒకరోజు ఐదో నెల కోడలిని వెంటబెట్టుకొచ్చిన అత్తగారి సంచిలో కల్లు సీసా కనిపించింది. మూతికి పెట్టిన గుడ్డపీలిక తడిసి, నురగ కారుతోంది. ఎవరికని అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. "పిల్లకు ఒళ్లంతా వేడి చేసింది. పొద్దుగాల ఒక గిలాస తాగితే చలవ. కల్లు మందెట్లయితది టీచరమ్మా, చెట్టు నీళ్లాయె!"

ఇన్నేళ్లూ నేను అడిగిన ప్రశ్నే తప్పని ఆ రోజు తెలిసింది.

చెట్టు దింపిన కొద్ది గంటల్లోనే కల్లు పులుస్తుంది, అందులో ఆల్కహాల్ తయారవుతుంది. తల్లి ఏది తాగినా ఆ ఆల్కహాల్ మాయ దాటి బిడ్డ రక్తంలోకి పోతుంది. దాన్ని అరిగించుకునే శక్తి ఆ చిన్న కాలేయానికి ఉండదు. మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి ఫలానా నెలలో పర్లేదు, ఇంత తాగితే ఏం కాదు అనే లెక్క లేదు. దీనివల్ల పిల్లలకు వచ్చే లోపాలను ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్స్ అంటారు. అమెరికాలోని సియాటెల్ డాక్టర్లు 1973లోనే వీటిలో తీవ్రమైన దానికి పేరు పెట్టారు. కొందరు పిల్లల్లో పై పెదవి పలచగా, కళ్లు చిన్నగా ఉంటాయి. చాలామందికి ముఖంలో ఏ తేడా కనిపించదు. నిన్న నేర్చుకున్నది ఇవాళ మరిచిపోతారు, లెక్కలు రావు, ఒకచోట కుదురుగా కూర్చోరు. మనమేమో మొద్దు అని పేరు పెట్టి కొడతాం. ఇది జీవితాంతం ఉండేది, మందులతో పోయేది కాదు. చిన్నప్పుడే గుర్తిస్తే మాత్రం ఆ పిల్లలకు చాలా సాయం చేయొచ్చు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో 6.7 శాతం మంది మద్యం తీసుకుంటున్నారు. పల్లెల్లో అయితే సుమారు 9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతం కూడా లేరు. అంటే ఇది ముందు మన పల్లెల సంగతి. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజెపాం లాంటి మత్తు మాత్రల సంగతి సరేసరి.

కల్లు మా ఇంటి పండగల్లోనూ ఉంది. గీత కార్మికుల పొట్ట కొట్టాలని ఇది రాయడం లేదు. నెల తప్పిందని తెలియక తాగిన తల్లిని నిందించడమూ తప్పే. ఏ నెలలో మానేసినా బిడ్డకు అంత మేలు. మొగుడు ఇంట్లో సీసా పెట్టుకుని పెళ్లాన్ని మానమంటే కుదరదు, ఆ తొమ్మిది నెలలు అతనూ మానాలి.

అమెరికాలో 1989 నుంచి మద్యం సీసాల మీద గర్భిణులకు హెచ్చరిక ఉంటోంది. మన సీసాల మీద తాగి బండి నడపొద్దని ఉంటుంది కానీ కడుపులో బిడ్డ మాట ఉండదు. లేబులే లేని కల్లు సీసాకు అదీ లేదు. అందుకే పేరు నమోదు చేసే రోజే ఆశ, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ టీచర్లు "కల్లు తాగుతున్నావా?" అని పేరు పెట్టి అడగాలి. పక్కనున్న అత్తగారికీ చెప్పాలి. ప్రతి కల్లు దుకాణం ముందు బొమ్మతో ఒక బోర్డు పెట్టించాలని ఆరోగ్య, ఎక్సైజ్ శాఖలను కోరుతున్నాను.

ఆ అత్తగారు నేను చెప్పిందంతా విని అన్న మాట ఇది: "ఇన్నొద్దులు మాకెవ్వలు చెప్పలే బిడ్డా."

– ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్, నల్లగొండ జిల్లా