గుప్పెడు బియ్యం సరే, కమిటీ మాటేమిటి?

సంపాదకుడి గారికి,

మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, గుప్పెడు బియ్యం పోగుచేసి దిక్కులేని ముసలివాళ్ల ఇళ్లకు చేరుస్తారు, మీది ఏ మతమని ఎవర్నీ అడగరు, కరోనాలో కూడా ఆపలేదు. మెచ్చుకోవాల్సిందే. కానీ పండగ తేరు ముందు ఏ వీధికెళ్లాలి, చర్చి కమిటీలో ఎవరు కూర్చోవాలి అనేసరికి కులం బయటికొస్తుంది. చర్చిలోనూ అంటరానితనం ఉందని 2016లో కతోలిక బిషప్పులే దళిత సాధికారత విధానపత్రంలో ఒప్పుకున్నారు. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు తొలి దళిత కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి పెద్ద) అయితే మా ఇంట్లో అందరికీ కళ్లు చెమర్చాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మా దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేకుండా చేసిందని ఆగస్టు 10న నల్లబ్యాడ్జీలు పెట్టుకుంటాం, న్యాయమే. ఫాదర్ గారూ, ఒక్క ఆదివారం ప్రసంగం ఆపి ఆ విధానపత్రం చదివి వినిపించండి.

- ఒక విశ్వాసి, గుంటూరు జిల్లా